మునిసిపల్ ఆఫీసుకు ఏ రోజు, ఏ వేళకు వెళ్తే పని అవుతుంది?

మీరు అడిగింది ఇది. బెంగుళూరు ఉద్యోగం ఇంటి నుంచే చేసుకోవచ్చని కావలికి తిరిగొచ్చారు, అమ్మగారితో ఉంటున్నారు. ఇంటి ముందు కాలువ పూడిపోయింది, కుళాయి నీళ్ళు ఎప్పుడొస్తాయో ముందుగా తెలియడం లేదు, నాన్నగారు పోయాక ఇంటి పన్ను అమ్మగారి పేరుకు మార్చాలి. ఎప్పుడు వెళ్ళినా కావలసిన మనిషి దొరకడం లేదు. అసలు మునిసిపాలిటీలో వారం పొడుగునా ఏ రోజు ఏం జరుగుతుంది, అది ఒకచోట తెలుసుకునే వీలుందా అని.

సూటిగా చెప్తాను. అర్జీకి సోమవారం, మనిషిని పట్టుకోవడానికి తెల్లవారుజాము, కాగితం పనికి మంగళవారం నుంచి గురువారం దాకా. కాలువ, చెత్త, నీళ్ళు, వీధిలైటు, ఇవేవీ ఆఫీసులో కుర్చీలో కూర్చున్నవాళ్ళు చేసే పనులు కావు. చేసేవాళ్ళు పొద్దున ఐదున్నరకే రోడ్డు మీద ఉంటారు, మీరు పదిన్నరకు ఆఫీసు మెట్లెక్కే సరికి వాళ్ళకు సగం రోజు అయిపోయి ఉంటుంది. ఇక అన్నీ ఒకచోట తెలిసే బోర్డు ఏదీ లేదు గానీ, వారానికి ఒక వరస ఉంది, అది ప్రతి మునిసిపాలిటీలోనూ దాదాపు ఒకటే. నేను శానిటరీ ఇన్‌స్పెక్టరుగా చేరి, నెల్లూరు, ప్రకాశం జిల్లాల మునిసిపాలిటీల్లోనే ఉద్యోగమంతా చేసి రిటైరయ్యాను కాబట్టి ఆ వరస చెప్తాను.

ముందు ఒకటి చూసుకోండి. మీ ఇల్లు నిజంగా మునిసిపాలిటీలో ఉందా? నవ్వకండి. ఊరు నాలుగు వైపులా పెరిగింది, రోడ్డుకు ఇటుపక్క మునిసిపాలిటీ, అటుపక్క పంచాయతీ ఉన్న చోట్లు చాలా ఉన్నాయి. పన్ను రసీదు తీసి చూడండి, దాని మీద మునిసిపాలిటీ పేరు, అసెస్‌మెంటు నంబరు ఉంటే సరే. పంచాయతీ రసీదైతే మీ దారి గ్రామ సచివాలయం, ఎంపీడీఓ ఆఫీసు. ఈ తేడా తెలియక నెలల తరబడి తప్పు ఆఫీసు చుట్టూ తిరిగిన కుటుంబాలను చూశాను, చూసినప్పుడల్లా బాధేసేది, ఎందుకంటే వాళ్ళ అర్జీ తీసుకున్నవాడు కూడా ఆ ముక్క చెప్పి ఉండడు.

ఇక కాలువ సంగతి. దానికి మొదట వెళ్ళాల్సింది మీ వార్డు మస్టర్ పాయింటుకు. ఒక కూడలిలోనో, వాటర్ ట్యాంకు కిందో, సచివాలయం ముందో పారిశుద్ధ్య కార్మికులంతా తెల్లారకముందే చేరతారు. మేస్త్రి ఫోను పట్టుకుని ఒక్కొక్కరి ముఖం ఫొటో తీసి హాజరు వేస్తాడు. చీకట్లో ఒక్కోసారి ముఖం పట్టదు, అప్పుడు ఆ అమ్మ వీధిలైటు కిందికి జరిగి కొంగు సర్దుకుని మళ్ళీ నిలబడుతుంది. పక్కన తోపుడు బండ్లు, చీపురు కట్టలు, కాలువ తీసే పొడుగు పారలు. హాజరు అయిన పది నిమిషాల్లోనే ఎవరు ఏ వీధికో మేస్త్రి చెప్పేస్తాడు. మీ వీధి ఆ రోజు పనిలో చేరేది, చేరనిది ఆ పది నిమిషాల్లోనే తేలుతుంది. కాబట్టి ఆ వేళకు వెళ్ళి, మేస్త్రిని మర్యాదగా "అన్నా, మా వీధి కాలువ ఏ రోజు వంతు?" అని అడగండి. ప్రతి వీధికీ వంతు ఉంటుంది, వారానికో పది రోజులకో. మీ వంతు గురువారమైతే గురువారం వరకు ఆగండి, ఆ రోజు గుమ్మంలో నిలబడి చూడండి. వంతు తప్పిందంటే అప్పుడు శానిటరీ ఇన్‌స్పెక్టరుకు చెప్పాలి, లేదా వార్డు సచివాలయంలో శానిటేషన్ అండ్ ఎన్విరాన్‌మెంట్ సెక్రటరీకి. ఈ సెక్రటరీ పొద్దున మస్టర్ దగ్గరే ఉంటారు సాధారణంగా.

కాలువ విషయంలో జనానికి కోపం తెప్పించే సంగతి ఇంకొకటుంది. పూడిక తీసి గట్టు మీద కుప్పలు పోసి వెళ్ళిపోతారు, కంపు కొడుతుంది, "సగం పని చేసి పోయారు" అని ఫోన్లు. అది సగం పని కాదు. తీసిన బురదలో నీరుంటుంది, అప్పటికప్పుడు ట్రాక్టరులో వేస్తే రోడ్డంతా కారుతూ పోతుంది, అందుకే ఒకటి రెండు రోజులు ఆరనిచ్చి ఎత్తుతారు. మీరు అడగాల్సింది రెండో రోజు ట్రాక్టరు గురించి. ఎందుకంటే మూడో రోజుకు కూడా ఎత్తకపోతే, ఈలోపు ఒక వాన పడితే, ఆ మట్టంతా మళ్ళీ కాలువలోకే పోతుంది, చేసిన చాకిరీ అంతా వృథా. నా హయాంలో తీసిన రోజే ట్రాక్టరు తేదీ కూడా పుస్తకంలో రాయించేవాణ్ణి, అలా రాయించిన వార్డుల్లో ఫిర్యాదులు తగ్గాయి.

మన జిల్లా వాళ్ళు దీనికి ఒక కాలం కూడా గుర్తుపెట్టుకోవాలి. మన తీరానికి అసలు వాన జూన్, జులైల్లో కాదు, అక్టోబరు, నవంబరు, డిసెంబరుల్లో. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటింది గానీ, దాటకముందే నెల్లూరు జిల్లాను ముంచెత్తింది. కాబట్టి పెద్ద కాలువల పూడికతీత సెప్టెంబరు ఆఖరుకు అయిపోవాలి. మీ వీధి కాలువ కలిసే పెద్ద కాలువ తీశారా లేదా అని ఆగస్టులోనే అడగడం మొదలుపెట్టండి. నవంబరులో నీళ్ళు ఇంట్లోకి వచ్చాక కంట్రోల్ రూముకు ఫోను చేస్తే వాళ్ళు చేయగలిగేది మోటారు పెట్టి తోడటం ఒక్కటే.

ఇప్పుడు సోమవారం. ఆ రోజు అధికారులు జనం అర్జీలు తీసుకునే కార్యక్రమం ఉంటుంది, పేరు ప్రజా సమస్యల పరిష్కార వేదిక, అందరూ పీజీఆర్‌ఎస్ అంటున్నారు. ఇదివరకు మీకోసం అన్నారు, తర్వాత స్పందన అన్నారు, పెద్దవాళ్ళు ఇప్పటికీ "స్పందనలో ఇచ్చాం" అనే అంటారు, అంతా అదే. కలెక్టరేట్‌లోనే కాదు, ఆర్డీఓ ఆఫీసులో, తహశీల్దారు ఆఫీసులో, మునిసిపల్ ఆఫీసులో కూడా సోమవారం అర్జీలు తీసుకుంటారు. కావలిలోనే ఆర్డీఓ ఆఫీసు ఉంది. అయినా జనం బస్సెక్కి నెల్లూరు కలెక్టరేట్‌కే పోతారు, అక్కడ ఇస్తేనే బలం అనుకుని. ఆ నమ్మకం నాకు అర్థమవుతుంది. కానీ జరిగేదేమిటంటే, కలెక్టరు గారి ముందు పెట్టిన కాలువ అర్జీ ఆన్‌లైన్‌లో తిరిగి మన మునిసిపల్ కమిషనరుకే వస్తుంది, అక్కడి నుంచి ఇన్‌స్పెక్టరుకు, అక్కడి నుంచి మళ్ళీ ఆ మేస్త్రికే. ఒక పూట కూలీ, యాభై కిలోమీటర్లకు పైగా ప్రయాణం, ఎండలో క్యూ, చివరికి చేరేది అదే చేతికి. కాబట్టి వరస ఇలా పెట్టుకోండి: ముందు మస్టర్ దగ్గర, తర్వాత మునిసిపల్ ఆఫీసు సోమవారం అర్జీ, అది కాగితం మీద మాత్రమే పరిష్కారమైతే అప్పుడు కలెక్టరేట్. అప్పుడు మీ చేతిలో పాత అర్జీ నంబరు ఉంటుంది, దాని బరువు వేరు.

ఆ నంబరు లేకుండా ఆఫీసు నుంచి కదలొద్దు. అర్జీ ఇచ్చాక దాన్ని కంప్యూటరులో ఎక్కించి రసీదు ఇస్తారు, ఫోనుకు మెసేజీ వస్తుంది. చేత్తో తీసుకుని ట్రేలో పడేస్తే అది అర్జీ ఇచ్చినట్టు లెక్క కాదు. 1100 నంబరుకు ఫోను చేసి కూడా ఫిర్యాదు నమోదు చేయించొచ్చు, దాని పరిస్థితి కనుక్కోవచ్చు. పని కాకుండానే "పరిష్కరించబడినది" అని మెసేజీ వస్తే ఊరుకోకండి, రీఓపెన్ చేయమని అడగండి. రీఓపెన్ అయిన అర్జీలు ఎన్ని అని పైవాళ్ళు సమీక్షల్లో అడుగుతారు, అందుకే కింది సిబ్బంది దానికి భయపడతారు. మీరు ఎవరినీ తిట్టనక్కర్లేదు, కాలువ ఫొటో తేదీతో సహా పెట్టి రీఓపెన్ చేయిస్తే చాలు.

అర్జీ ఎలా రాస్తారన్నదాని మీద కూడా చాలా ఉంటుంది. "మా వీధిలో పారిశుద్ధ్యం అధ్వానంగా ఉంది, తగు చర్యలు తీసుకోగలరు" అని రాస్తే దానికి వచ్చే జవాబు కూడా "తగు చర్యలు తీసుకోబడినవి" అనే. ఇలా రాయండి:

"ఫలానా వీధిలో, ఫలానా నంబరు కరెంటు స్తంభం నుంచి ఫలానా నంబరు స్తంభం దాకా సుమారు అరవై మీటర్ల కాలువ పూడిపోయింది. మూలమీద కల్వర్టు కింద మట్టి నిండి నీరు వెనక్కి తన్నుతోంది. కల్వర్టు పలక తీసి పూడిక తీయించి, ఆ మట్టిని ట్రాక్టరుతో ఎత్తించగలరు."

స్తంభం నంబరు ఎందుకంటే అది అక్కడికి వచ్చే ఎవరికైనా కనిపిస్తుంది, ఇంటి నంబర్లు మన ఊళ్ళలో పాతవి కొత్తవి కలిసిపోయి ఎవరికీ దొరకవు. చేయాల్సిన పని పేరు పెట్టి రాస్తే, చేయకుండా చేశామని రాయడం కష్టం. ఒక అర్జీలో ఒకే సమస్య రాయండి. కాలువ, లైటు, కుక్కలు అన్నీ కలిపి రాస్తే అది ఒక్కరి దగ్గరికే పోతుంది, మిగతావి గాలికి.

ఇంకో చిన్న సంగతి. సోమవారం పండగ సెలవు వచ్చినా, ఎన్నికల కోడ్ ఉన్నా ఈ కార్యక్రమం ఉండదు. ముందు రోజు పేపరు జిల్లా పేజీలో వేస్తారు, ఆదివారం పొద్దున ఒకసారి చూసుకుని బయలుదేరండి.

సోమవారం కాగితం పనులు మాత్రం పెట్టుకోకండి. అధికారులంతా అర్జీల దగ్గర కూర్చుంటారు, మధ్యాహ్నం నుంచి సమీక్షలు, వీడియో కాన్ఫరెన్సులు. మీ అమ్మగారి పేరు మార్పు లాంటిది మంగళ, బుధ, గురువారాల్లో ఉదయం పదిన్నర, పదకొండున్నర మధ్య పెట్టుకోండి, లేదా సాయంత్రం మూడు దాటాక వార్డు సచివాలయంలో. శుక్రవారం సాయంత్రానికి బయటూరి నుంచి వచ్చిపోయే ఉద్యోగులు బండెక్కే తొందరలో ఉంటారు, అది వాళ్ళను తప్పుపట్టి చెప్పడం కాదు, ఉన్న సంగతి. రెండో శనివారం ఆఫీసుకు సెలవు.

పేరు మార్పుకు కావలసినవి: నాన్నగారి మరణ ధ్రువపత్రం, తహశీల్దారు ఆఫీసు ఇచ్చే ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్, ఇంటి దస్తావేజు కాపీ, మిగతా వారసుల సమ్మతి, ఇంటి పన్ను బాకీ లేకుండా కట్టిన రసీదు. బాకీ ఉంటే ఫైలు కదలదు. వీటిలో జనం ఎక్కువగా ఇబ్బంది పడేది మొదటిదానితోనే. చనిపోయిన చోటే మరణం నమోదవుతుంది, ఉండే ఊళ్ళో కాదు. మనవాళ్ళకు జబ్బు చేస్తే నెల్లూరు ఆసుపత్రులకే తీసుకెళ్తాం. అక్కడ పోతే నమోదు నెల్లూరు నగరపాలక సంస్థలో, చెన్నైలో పోతే చెన్నైలో. కావలిలో రిజిస్టర్లు ఎంత వెతికినా ఆ పేరు ఉండదు. 21 రోజుల్లోపు నమోదు చేయిస్తే ఫీజు లేదు, ఆ తర్వాత 30 రోజుల దాకా ఆలస్య రుసుముతో అవుతుంది, ఏడాదిలోపు అనుమతి కావాలి, ఏడాది దాటితే మేజిస్ట్రేటు ఉత్తర్వు కావాలి. జననానికీ ఇదే వరస. 2023 అక్టోబరు 1 తర్వాత పుట్టిన పిల్లలకు బడిలో చేర్చడం దగ్గర్నుంచీ పుట్టిన తేదీకి జనన ధ్రువపత్రమే ఆధారం, కాబట్టి మీ చుట్టాల్లో పసిపిల్లలున్నవాళ్ళకు ఈ ముక్క గట్టిగా చెప్పండి. నమోదయ్యాక కాపీ తీసుకోవడానికి చాలావాటికి ఆఫీసుకు కూడా పోనక్కర్లేదు, రాష్ట్ర ప్రభుత్వ సేవలు ఫోనులోనే అందించే మన మిత్ర వాట్సాప్ నంబరు 95523 00009కి హాయ్ అని పెడితే సేవల జాబితా వస్తుంది. 2025 జనవరి 30న 161 సేవలతో మొదలైంది అది, తర్వాత ఇంకా కలిపారు. ఇంటి పన్ను కూడా అందులోనే కట్టొచ్చు.

పన్ను మాట వచ్చింది కాబట్టి: ఏప్రిల్ 30 లోపు ఏడాది మొత్తం ఒకేసారి కడితే 5 శాతం తగ్గింపు. గడువు దాటితే నెలకు 2 శాతం వడ్డీ, అది చూస్తుండగానే పెరిగిపోతుంది. మార్చి నెలలో మాత్రం ఆఫీసులో ఏ పనీ అడగొద్దు, బిల్ కలెక్టరు నుంచి కమిషనరు దాకా అందరూ వసూళ్ళ మీదే ఉంటారు. చెత్త పన్ను అని ఇంటింటికీ వసూలు చేసింది 2024 చివర్లో రద్దయింది, ఇప్పుడు ఎవరైనా ఆ పేరుతో అడిగితే ఇవ్వక్కర్లేదు.

నీళ్ళు. మీ అసలు టెన్షన్ ఇదేనని ప్రశ్న చదివితేనే తెలుస్తోంది, అందుకే దీన్ని కొంచెం వివరంగా రాస్తాను. పెన్న మీద సోమశిల, దాని కింద సంగం, సంగం దగ్గర మొదలయ్యే కావలి కాలువ, ఇదీ మన వైపుకు నీళ్ళు వచ్చే దారి. కాలువకు నీళ్ళు వదిలినన్నాళ్ళు చెరువు, స్టోరేజీ ట్యాంకు నింపుకుంటారు, ఆపాక ఆ నిల్వతోనే నెట్టుకొస్తారు. అక్కడి నుంచి ఫిల్టరు, ఓవర్‌హెడ్ ట్యాంకు, తర్వాత వీధి వాల్వులు. ఓవర్‌హెడ్ ట్యాంకులు ఎక్కువగా రాత్రి నింపుతారు. రాత్రి రెండు గంటలు కరెంటు పోతే ట్యాంకు సగమే నిండుతుంది, పొద్దున నీళ్ళు చివరి వీధులకు చేరవు. అందుకే నీళ్ళు రావన్న కబురు చాలాసార్లు కరెంటు శాఖ ప్రకటనలోనే ముందుగా దొరుకుతుంది. "ఫలానా సబ్‌స్టేషన్ పరిధిలో మరమ్మతుల కారణంగా విద్యుత్ సరఫరా నిలిపివేత" అని పేపర్లో చిన్న వార్త వేస్తారు. మీ ట్యాంకుకు, పంపుహౌసుకు ఏ సబ్‌స్టేషన్ నుంచి కరెంటు వస్తుందో ఒకసారి కనుక్కుని పెట్టుకుంటే, ఆ వార్త చూసిన రోజే అదనంగా రెండు బిందెలు పట్టుకోవచ్చు.

వాల్వు తిప్పే మనిషిని ఫిట్టరు అంటాం. మీ వీధి నీళ్ళ గురించి ఆయనకు తెలిసినంత ఇంజినీరుకు కూడా తెలియదు. నేను పనిచేసిన ఒక ఊళ్ళో ఒక వీధి చివర పది పన్నెండు ఇళ్ళకు నీళ్ళు రావడం మానేశాయి. వాళ్ళు కలెక్టరేట్‌లో అర్జీలు ఇచ్చారు, ప్రతిసారీ పైపు పరిశీలించాం, లీకేజీ లేదు అని జవాబు. అది అబద్ధం కూడా కాదు, పైపు బాగానే ఉంది. నాది నీళ్ళ విభాగం కాకపోయినా ఆ వీధి నా మస్టర్ పక్కనే కావడంతో, వాళ్ళలో ఇద్దరిని తెల్లవారుజామున ఫిట్టరుతో పాటు నిలబెట్టాను. వాల్వు తిప్పగానే పై వీధిలో ఒక్కొక్క ఇంట్లో మోటార్లు గుయ్యిమని మొదలయ్యాయి. కుళాయికి నేరుగా మోటార్లు బిగించి లాగేస్తున్నారు. ఫిట్టరు ఆ సంగతి తెలిసినా పై వీధి వాళ్ళతో గొడవ ఎందుకని చెప్పలేదు. తర్వాత ఏఈ (అసిస్టెంటు ఇంజినీరు) గారు రెండు వీధులకూ వాల్వు వేళలు వేరు చేశారు, నాలుగు మోటార్లు స్వాధీనం చేసుకున్నారు, కింది ఇళ్ళకు నీళ్ళు వచ్చాయి. మునిసిపల్ కుళాయికి మోటారు పెట్టడం నేరమని అందరికీ తెలుసు, అయినా పెడతారు. మీ వీధిలో అది ఉందో లేదో ముందు చూసుకోండి, మీ ఇంట్లో ఉంటే ముందు తీసేయండి.

మీరు చేయాల్సింది: నీళ్ళొచ్చే రోజు వాల్వు చాంబరు దగ్గరికి వెళ్ళి ఫిట్టరును కలవండి. మీ వీధి ఏ ట్యాంకు కింద ఉంది, ఏ వాల్వు, ఎన్నో వంతు, ఎంతసేపు, ఈ నాలుగూ అడిగి రాసుకోండి. చాలా వార్డుల్లో సచివాలయం అమెనిటీస్ సెక్రటరీ ఒక వాట్సాప్ గ్రూపు నడుపుతారు, అందులో మీ నంబరు చేర్చమనండి. నీళ్ళు ఆలస్యమైతే అందులోనే పెడతారు.

వీధిలైటుకు చిన్న తేడా తెలిస్తే చాలు. బల్బు వెలగకపోతే మునిసిపాలిటీ, తీగ తెగినా స్తంభం ఒరిగినా కరెంటు శాఖ, నంబరు 1912. స్తంభం నంబరు రెండింటికీ చెప్పాలి. రోడ్డు గుంటలకు కూడా ఇలాంటి పేచీ ఉంది, వీధి రోడ్డు మునిసిపాలిటీది, ఊరి మధ్య నుంచి పోయే పెద్ద రోడ్డు చాలాచోట్ల ఆర్ అండ్ బీది, హైవే సర్వీసు రోడ్డు జాతీయ రహదారుల వాళ్ళది.

ఇంక వారంలో, నెలలో మీ అమ్మగారికి, ఇరుగుపొరుగుకు పనికొచ్చే రోజులు. బుధవారం, శనివారం టీకాల రోజులు, ఆరోగ్య కార్యకర్తలు ఆ పనిలో ఉంటారు. ప్రతి నెలా 9న గర్భిణులకు పరీక్షలు. ఒకటో తేదీ ఎన్టీఆర్ భరోసా పింఛన్లు, వృద్ధాప్య పింఛను 2024 జులై నుంచి 4 వేలు, ఆ రోజు తెల్లవారే సచివాలయం సిబ్బంది అందరూ ఇళ్ళ చుట్టూ తిరుగుతుంటారు, ఒకటో తేదీ సెలవైతే ముందు రోజే ఇస్తారు. కాబట్టి ఆ రోజు సచివాలయానికి వెళ్ళి "ఎవరూ లేరు" అనుకోవద్దు. రేషను 1 నుంచి 15 దాకా, షాపు పొద్దున 8 నుంచి 12, సాయంత్రం 4 నుంచి 8. 65 దాటిన పెద్దలకు, దివ్యాంగులకు ఇంటికే తెచ్చివ్వాలి, అమ్మగారికి ఆ వయసు దాటితే డీలరును అడగండి. అన్న క్యాంటీన్లో పూటకు 5 రూపాయలు. ఇంటి పని మనుషులకు, బయటూరి నుంచి ఆసుపత్రికి వచ్చినవాళ్ళకు మీరు చూపించగలిగే గొప్ప సాయం అది.

శుక్రవారం డ్రై డే. దీన్ని జనం చాలా తేలిగ్గా తీసుకుంటారు, నాకు మనసులో ఉన్న బాధ ఇదొకటి. దోమ గుడ్డు పెట్టిన దగ్గర్నుంచి రెక్కలొచ్చి ఎగిరే దాకా దాదాపు వారం, పది రోజులు పడుతుంది. వారానికి ఒకసారి తొట్టి, డ్రమ్ము, కూలరు, పాత టైరు, పూలకుండీ కింది పళ్ళెం ఖాళీ చేసి ఆరబెడితే నీళ్ళలోని దోమ పిల్లలు రెక్కలొచ్చే లోపే పోతాయి. అందుకే వారానికి ఒక రోజు పెట్టారు. సాయంత్రం పొగ కొట్టే మిషను కోసం ఫోన్లు చేస్తారు గానీ, ఆ పొగకు ఎగిరే దోమలు కొన్ని చస్తాయి, నీళ్ళలో ఉన్న దోమ పిల్లలకు ఏమీ కాదు. డెంగీ దోమ మురికి కాలువలో కాదు, మీ ఇంట్లో మంచి నీళ్ళలో పెరుగుతుంది. నీళ్ళు రోజు మార్చి రోజు వచ్చే ఊళ్ళలో జనం డ్రమ్ముల్లో పట్టి ఉంచుకోక తప్పదు, కాబట్టి మూత పెట్టండి, మూత లేకపోతే గుడ్డ కట్టండి. శుక్రవారం పొద్దున మీ గేటు ముందుకు వచ్చే ఆశా కార్యకర్తకు "మా ఇంట్లో ఏం లేవులే" అని చెప్పి పంపకండి, లోపలికి పిలిచి పెరడు చూపించండి.

ప్రతి నెలా మూడో శనివారం స్వచ్ఛాంధ్ర, అంటే ఊరు శుభ్రం చేసే కార్యక్రమం. 2025 జనవరి 18న మొదలైంది, ఆ పొద్దున అధికారులంతా చీపుర్లు పట్టుకుని రోడ్ల మీద ఉంటారు, ఫొటోలు కూడా ఉంటాయి, ఉండనీయండి. మామూలు రోజుల్లో అపాయింట్‌మెంటు దొరకని కమిషనరు ఆ రోజు మీ వార్డు కూడలిలో నిలబడి ఉండొచ్చు. ముందు రోజు సచివాలయంలో ఎక్కడికి వస్తున్నారో అడిగి తెలుసుకోండి. మీ వీధివాళ్ళు ఐదారుగురు కలిసి ఆ పనిలో చేయి వేయండి, పని అయ్యాక కల్వర్టు దగ్గరికి తీసుకెళ్ళి చూపించండి. ఆఫీసులో నాలుగు అర్జీలు ఇచ్చినదానికంటే కళ్ళతో చూసింది ఎక్కువ పని చేస్తుంది.

చివరిగా కొత్త కాలువ, కొత్త పైపులైను లాంటి పెద్ద పనులు. అవి మేస్త్రి చేతిలో ఉండవు, ఇన్‌స్పెక్టరు చేతిలోనూ ఉండవు. పాలకవర్గం ఉంటే నెలకొకసారైనా కౌన్సిల్ సమావేశం జరగాలి, లేకపోతే ప్రత్యేకాధికారి పేరున తీర్మానాలు అవుతాయి. రెండింటికీ అజెండా ఉంటుంది, మీ వీధి పని అజెండాలోకి ఎక్కాలంటే ముందు ఏఈ గారి చేత ఎస్టిమేటు వేయించాలి. కాలువ బాగుచేయడానికి వీలుకానంత పాడైందనుకుంటే మీ అర్జీలో "అంచనా వేయించగలరు" అనే మాట చేర్చండి. కేంద్రం నుంచి వచ్చే ఆర్థిక సంఘం నిధుల్లో కొంత భాగం తాగునీటికి, పారిశుద్ధ్యానికే ఖర్చు పెట్టాలి కాబట్టి నిధుల్లేవన్న జవాబు వస్తే, ఆ నిధులు ఏ పనులకు కేటాయించారో 10 రూపాయల ఫీజుతో సమాచార హక్కు దరఖాస్తు పెట్టండి, 30 రోజుల్లో చెప్పాలి. దీన్ని మొదటి వారమే వాడకండి. మేస్త్రి, ఫిట్టరు, సెక్రటరీ మీకు రోజూ కావలసిన మనుషులు, వాళ్ళతో పరిచయం కాకముందే నోటీసులా దరఖాస్తు పడితే ఆ తర్వాత మాట కలవదు.

మీ వారం ఇలా మొదలుపెట్టండి: రేపో ఎల్లుండో పొద్దున మస్టర్ దగ్గర కాలువ వంతు కనుక్కోండి, నీళ్ళొచ్చే రోజు ఫిట్టరును కలవండి, బుధవారం సచివాలయంలో పేరు మార్పు కాగితాలు చూపించి ఏది తక్కువో అడగండి. వాల్వు వంతు, వేళ తెలిశాక ఇక్కడే రాయండి, చివరి ఇళ్ళకు నీళ్ళు ఎందుకు అందడం లేదో దాన్ని బట్టి చెప్పగలను.